వరి కొయ్యకాళ్లను కాల్చకుండా మడిలోనే కుళ్లబెట్టడం ఎలా

హార్వెస్టర్ కోసి వెళ్లాక మడి నిండా గడ్డి, కొయ్యకాళ్లే ఉంటాయి. యాసంగి నాట్లకు టైం లేదని చాలామంది అగ్గి పెట్టేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. టన్ను వరిగడ్డిలో సుమారు 5 కిలోల నత్రజని, 20 కిలోలకు పైగా పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు మొత్తం పొగలో పోతుంది, పైపొర మట్టిలోని సూక్ష్మజీవులూ మాడిపోతాయి.

ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం తెచ్చిన వేస్ట్ డీకంపోజర్ (గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల మందు) వాడేవాళ్లు 200 లీటర్ల నీళ్లలో 2 కిలోల బెల్లం కరిగించి, సీసాలో మందు కలిపి, ప్లాస్టిక్ డ్రమ్ము మీద గుడ్డ కప్పి రోజూ కర్రతో తిప్పండి. వారంలో తయారవుతుంది.

కానీ ఆ ద్రావణాన్ని ఎండుగడ్డి మీద చల్లి వదిలేస్తే దండగే, ఎందుకంటే తడి, మట్టి తగలకపోతే ఏ సూక్ష్మజీవీ పని చేయదు. ముందు మడికి పలచగా నీళ్లు పెట్టండి, సాయంత్రం పూట ద్రావణం చల్లండి, వెంటనే రోటవేటర్‌తో గడ్డిని ముక్కలు చేసి మట్టిలో కలిపేయండి.

అసలు మెలిక నత్రజని దగ్గర ఉంది. వరిగడ్డిలో నత్రజని కంటే కర్బనం 60 నుంచి 80 రెట్లు ఎక్కువ, సూక్ష్మజీవులకు హాయిగా సాగాలంటే 25, 30 రెట్లు మించకూడదు. ఆ లోటును అవి మట్టిలోంచే లాక్కుంటాయి, అందుకే కొత్తగా నాటిన వరి పసుపు రంగుకు తిరుగుతుంది. దున్నేటప్పుడే ఎకరాకు పది, పదిహేను కిలోల యూరియా వేస్తే ఈ బాధ తగ్గుతుంది. వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కూడా మంచిదే, తర్వాత దమ్ములో వేసే భాస్వరం ఆ మేరకు తగ్గించుకోండి.

కనీసం రెండు, మూడు వారాలు గడువు ఇవ్వండి. చలి ఎక్కువుంటే ఇంకాస్త పడుతుంది. గడ్డి పోచను లాగి చూడండి, గోధుమ రంగుకు మారి మెత్తగా తెగితే నాట్లు వేసుకోవచ్చు, ఇంకా పచ్చగా గట్టిగా ఉంటే ఆగాలి. తొందరపడి నిండా నీళ్లు కట్టి నాటితే గాలి అందక కుళ్లి విషవాయువులు పుడతాయి, వేర్లు నల్లబడతాయి. ఇప్పటికే నాటేశారా, కాలు పెడితే బుడగలొస్తున్నాయా? నీళ్లు తీసేసి సన్నటి నెర్రెలు పడేదాకా ఆరబెట్టి, మళ్లీ పలచగా పెట్టండి.