పాత పోలీసు ఫోటోల తరహాలో పోర్ట్రెయిట్ – 3వ పాఠం: కిటికీ వెలుతురు, నిలిచిన మనిషి

పోయిన పాఠంలో గోడ ఎంచుకున్నాం. ఒడిశాలోని మన పర్లాకిమిడి పాత వీధుల్లో సున్నం పెచ్చులూడిన గోడలకు కొదవ లేదు కాబట్టి ఆ పని మీకు అయిపోయే ఉంటుంది. ఈసారి ఆ గోడ ముందు మనిషిని నిలబెడదాం.

పోలీసు ఫోటో అనగానే ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, ఛాతీ వరకు తీసినవే గుర్తొస్తాయి. ఆ పద్ధతిని 1880లలో పారిస్ పోలీసు శాఖలో అల్ఫోన్స్ బెర్తియోన్ స్థిరపరిచాడు. ఏ రెండు ఫోటోలనైనా పక్కపక్కన పెట్టి పోల్చగలగాలన్నది ఆయన పట్టుదల. అందుకే కెమెరా దూరం గానీ కుర్చీ చోటు గానీ మారనిచ్చేవాడు కాదు. పక్క ఫోటోలో చెవి స్పష్టంగా పడాల్సిందే.

రెండోది సిడ్నీ తరహా. 1910 నుంచి 1930 వరకు అక్కడి పోలీసులు గాజు ప్లేట్ల మీద (ఫిల్ముకు బదులు వాడేవి) సుమారు 2,500 ఫోటోలు తీశారు. వాటిలో చాలామంది టోపీ పెట్టుకుని, జేబులో చెయ్యి పెట్టుకుని, తమకు తోచినట్టు నిలబడి కనిపిస్తారు. నేను నేర్పేది ఈ రెండో తరహానే. ఇందులో చేతులు కనిపిస్తాయి, నిలబడే తీరు కనిపిస్తుంది. బెర్తియోన్ ఫోటోల్లోలా మనిషి కొలతగా మారిపోడు.

వెలుతురు ఒక పక్క నుంచే రావాలి. ఉత్తరం కిటికీ అయితే ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ నేరుగా పడదు. మనిషిని కిటికీకి నాలుగైదు అడుగుల దూరంలో నిలబెట్టి గదిలో లైట్లన్నీ ఆపేయండి. కెమెరాను స్టాండు మీద ఛాతీ ఎత్తులో, మూడు మీటర్ల దూరంలో పెట్టండి. 50 ఎంఎం లెన్సు నిలువుగా పట్టుకుంటే తల నుంచి కాలి దాకా సరిపోతుంది. ఫోన్ అయితే 2ఎక్స్ జూమ్ వాడండి. అపర్చర్ (లెన్సు తెరుచుకునే మేర) ఎఫ్4, ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే మేర) 100, షట్టర్ (తెరిచి ఉండే సమయం) సెకనులో 8వ వంతు. ఇక్కడి నుంచి మొదలుపెట్టి మీ గదిని బట్టి సవరించుకోండి.

షట్టర్ అంత నెమ్మదిగా ఎందుకు అంటారా? అంతసేపు కదలకుండా ఉండాలంటే మనిషి నటన మానుకోవాలి.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మొదట్లో నేను ఎదుటివాళ్లకు "కోపంగా చూడండి, దొంగలా చూడండి" అని చెప్పేవాణ్ణి. అందరూ సినిమా విలన్లలా కళ్లు చిట్లించేవారు. ఆ ఫోటోల్లో ఒక్కటీ ఉంచుకోలేదు. తర్వాత మా వీధిలో కొమ్ముతో దువ్వెనలు, పక్షులు చెక్కే బాబాయిని నిలబెట్టాను. "ఏటి బాబూ, నవ్వకూడదా?" అని అడిగారు. "మీ ఇష్టం బాబాయ్, ఊపిరి వదిలి అలాగే ఉండండి" అన్నాను. పది నిమిషాలు పని గురించే మాట్లాడుకున్నాం. మాట ఆగింది, ఆయన తన చేతుల వైపు చూసుకుని తలెత్తారు. అప్పుడు నొక్కాను. ఆ ఫోటో ఇప్పటికీ నా గోడ మీదే ఉంది.

ఇక రంగుల సంగతి. ఆనాటి ప్లేట్లలో చాలావాటికి ఎరుపు దాదాపు కనిపించదు, నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. మన ఇళ్లలోని పాత ఫోటోల్లో అమ్మమ్మల కుంకుమ బొట్టు నల్లగా ఉండటానికి కారణం అదే. నీలిమందు కలిపిన సున్నం గోడ ఇంకా తెల్లగా వస్తుంది. ఎడిటింగ్‌లో నలుపు తెలుపులోకి మార్చాక ఎరుపు, నారింజ తగ్గించి నీలం పెంచితే ఆ రూపం వస్తుంది. కానీ చామనఛాయ ముఖాలు ఒక్కసారిగా నల్లబడిపోతాయి. అందుకని నారింజను కొంచెమే తగ్గించండి. ముఖంలో వివరం పోయేంత పాతదనం మనకు వద్దు.

ఫోటోలో మనిషి చేత్తో పట్టుకునే పలక మీద ఏం రాయాలి? పేరు, తేదీ, ఊరు. తెలుగులోనో ఒడియాలోనో సుద్దముక్కతో రాయండి. నేరం పేరు మాత్రం రాయకండి, సరదాకి కూడా. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరజాతుల చట్టం కొన్ని జాతులవాళ్లను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసింది. 1911 నుంచి అది మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది, అప్పట్లో పర్లాకిమిడి అందులోనిదే. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు. ఆ ముద్ర మోసిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఫోటో తీసే ముందు ఈ తరహా ఎక్కడి నుంచి వచ్చిందో ఎదుటివాళ్లకు చెప్పండి. వాళ్లు వద్దంటే అక్కడితో ఆపేయండి.

ఈ వారం అభ్యాసం: ఒకే మనిషిని రెండుసార్లు తీయండి. ఒకటి రాగానే, ఇంకొకటి పది నిమిషాల మాటల తర్వాత. సెట్టింగులు మార్చకండి. రెండూ ప్రింటు వేయించి దగ్గర ఉంచుకోండి. సిడ్నీ ప్లేట్ల మీద ఉన్నట్టు ఫోటో మీదే చేతిరాత రాయడం వచ్చే పాఠంలో నేర్చుకుంటాం, ఆ ప్రింట్లు అప్పుడు కావాలి.