గీజరు ట్యాంకును లోపలి తుప్పు నుంచి కాపాడుకోవడం

విజయవాడలో చాలా అపార్ట్‌మెంట్లు కృష్ణా నీటితోపాటు బోరు నీటినీ వాడుతున్నాయి. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి గీజరులో నీటిని వేడిచేసే ఎలిమెంట్ మీద తెల్లని పెచ్చుగా పేరుకుంటాయి. అంతకంటే ప్రమాదకరమైనది తుప్పు, ఎందుకంటే అది బయటికి కనబడేసరికి ట్యాంకు చిల్లుపడి ఉంటుంది.

గాజుపూత వేసిన ఉక్కు ట్యాంకులో ఆ పూత ఎక్కడైనా సన్నగా బీటలు వారితే, అక్కడ ఇనుము నీటికి తగులుతుంది. అందుకే లోపల అనోడ్ అనే మెగ్నీషియం కడ్డీని అమరుస్తారు. అది ఇనుముకంటే చురుకైన లోహం కనుక ముందు తానే కరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. నీటిలో ఉప్పు ఎంత ఎక్కువైతే కడ్డీ అంత త్వరగా అరుగుతుంది. మా మొదటి గీజరును నాలుగేళ్లపాటు ఒక్కసారీ విప్పించలేదు. గోడమీద గోధుమరంగు చార దిగాక విప్పిస్తే, కడ్డీ ఉండవలసిన చోట నడిమి ఇనుప తీగ ఒక్కటే మిగిలింది. అప్పటికే ట్యాంకు పోయింది.

కాబట్టి బోరు నీరు వాడేవారు ఏడాదికొకసారి, చలికాలానికి ముందు, ఎలక్ట్రీషియన్ చేత గీజరు విప్పించాలి. వారంటీ ఉంటే కంపెనీ మనిషినే పిలవడం మేలు. ముందుగా గీజరుకు కరెంటు వచ్చే ఎంసీబీ (మీటరు బోర్డులోని స్విచ్) ఆపి, వేడినీటి కుళాయి నుంచి చల్లనీరు వచ్చేదాకా వదిలి, ఆ తరువాతే లోపలికి వచ్చే నీటి వాల్వు మూసి ట్యాంకు ఖాళీ చేయాలి. వైర్లు విప్పేముందు ఫోనుతో ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు తడబాటు ఉండదు. కడ్డీ సగానికి సన్నబడినా, తీగ బయటపడినా అదే కొలతది కొత్తది వేయించండి. దానితోపాటు రబ్బరు వాషరూ మార్పించండి. ఎలిమెంట్ పెచ్చును నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో నానబెట్టి మెత్తగా తుడవాలి. స్క్రూడ్రైవరుతో గీకితే ఎలిమెంట్ పైతొడుగు దెబ్బతింటుంది. బాత్‌రూమ్ యాసిడ్‌ను ట్యాంకులో ఎప్పుడూ పోయకండి. నీటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలు దాటనివ్వకపోతే పెచ్చు కట్టడం కూడా నెమ్మదిస్తుంది.

అంతా బిగించాక లోపలికి వచ్చే నీటి వాల్వునూ వేడినీటి కుళాయినీ తెరిచి, గాలి బుడగలు ఆగి నీరు ధారగా వచ్చిన తరువాతే స్విచ్ వేయాలి, ఎందుకంటే ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది. కడ్డీ మార్చిన తేదీని గీజరు పక్కన మార్కరుతో రాసిపెట్టండి.