గుర్రాల ఆర్టెరైటిస్ వైరస్ సోకిన కణాల్లో అపోప్టోసిస్‌ను గుర్తించే పద్ధతి

1953లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, బ్యూసిరస్ దగ్గర గర్భస్రావమైన గుర్రపు పిండాల ఊపిరితిత్తుల నుంచి వేరుచేసిన ఆర్టెరైటిస్ వైరస్, సోకిన కణంలో ముందే ఉన్న స్వీయ వినాశన యంత్రాంగాన్ని, అంటే అపోప్టోసిస్‌ను, మేల్కొలుపుతుంది. ప్రయోగశాలలో పెంచే వీరో కణాల్లో దీనిని నిరూపించదలచినవారు ముందుగా నాలుగు రకాల ఫ్లాస్కులు సిద్ధం చేసుకోవాలి: వైరస్ వేసినవి, వేయనివి, అతినీలలోహిత కిరణాలతో నిర్వీర్యం చేసిన వైరస్ వేసినవి, స్టారోస్పోరిన్ వేసినవి. స్టారోస్పోరిన్ అపోప్టోసిస్‌ను తప్పక కలిగిస్తుంది కనుక, పరీక్ష సరిగా పనిచేస్తోందో లేదో ఆ ఫ్లాస్కే చెబుతుంది.

కణాలను 12, 24, 36, 48 గంటలకు సేకరించాలి. ఆలస్యమైతే అపోప్టోసిస్‌తో చనిపోయిన కణాల పొర కూడా చిరిగిపోయి, అవి నెక్రోసిస్‌కు, అంటే దెబ్బతిని పగిలిపోయే మరణానికి, గురైనవాటిలాగే కనిపిస్తాయి.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది సేకరణలోనే. గుండ్రబడి, అడుగు వదిలి తేలుతున్న కణాలను పాత మీడియంతో పాటు పారేస్తారు. మనం వెతుకుతున్న మరణం ఎక్కువగా జరిగింది వాటిలోనే! ఆ మీడియాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన కణాలను, అడుగుకు అంటుకున్నవాటిని విడదీసే ఎంజైమ్ ట్రిప్సిన్‌తో లేపిన కణాలతో కలపాలి. ట్రిప్సిన్ ఎక్కువసేపు ఉంచితే పొర దెబ్బతిని, లేని అపోప్టోసిస్ ఉన్నట్లు కనిపిస్తుంది.

అపోప్టోసిస్ తొలిదశలో పొర లోపలివైపు ఉండే ఫాస్ఫాటిడిల్‌సెరీన్ అనే కొవ్వు పదార్థం బయటికి తిరుగుతుంది, దానికి అనెక్సిన్ అనే ప్రోటీన్ అంటుకుంటుంది. అందుకు కాల్షియం అవసరం కనుక ట్రిప్సిన్‌తో పాటు వాడే, కాల్షియాన్ని పట్టేసుకునే ఈడీటీఏను పూర్తిగా కడిగివేయాలి. పొర చిరిగిన కణాల్లోకి మాత్రమే వెళ్లే ప్రొపీడియం అయొడైడ్ అనే రంగును కూడా కలిపి, కణాలను ఒక్కొక్కటిగా కాంతితో పరీక్షించే ఫ్లో సైటోమీటర్‌లో చూసినప్పుడు, అనెక్సిన్ అంటుకుని ప్రొపీడియం ఎక్కని కణాలే తొలిదశవి.

ఈ ఒక్క పరీక్షతో నిర్ధారణకు రాకూడదు. అపోప్టోసిస్‌లో డీఎన్ఏ ముక్కలవుతుంది కనుక, దానిని పరిమాణం ప్రకారం విడదీసే అగరోజ్ జెల్‌పై నడిపితే సుమారు 180 బేస్ జతలు, వాటి గుణిజాల దగ్గర నిచ్చెన మెట్లలా పట్టీలు కనిపించాలి; నెక్రోసిస్ అయితే జెల్ పొడవునా అలికినట్లు ఉంటుంది. ఈ వైరస్ అపోప్టోసిస్‌ను నడిపే ఎంజైమ్‌లైన కాస్పేస్‌లలో కాస్పేస్-8ను, మైటోకాండ్రియా మార్గంలో కాస్పేస్-9ను కూడా క్రియాశీలం చేస్తుంది కాబట్టి రెండింటినీ కొలవాలి.

వీరో కణాలు ఆఫ్రికా కోతి మూత్రపిండానివి, పైగా వైరస్‌ను ఎదుర్కొనే ఆల్ఫా, బీటా ఇంటర్‌ఫెరాన్ ప్రోటీన్లను తయారుచేయలేవు. అందువల్ల ఫలితాన్ని గుర్రానికి అన్వయించే ముందు, ఈ వైరస్ సహజంగా దాడిచేసే గుర్రపు రక్తనాళాల లోపొర కణాల్లో ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేయాలి.