ప్రాగ్‌లో రెండు రోజులే ఉంటే

శని, ఆదివారాలకి చెక్ దేశపు రాజధాని ప్రాగ్ వెళ్తున్నారా? చార్లెస్ వంతెన మీదికి పొద్దున్న ఆరింటికల్లా చేరిపోండి. 1357లో మొదలుపెట్టిన రాతి వంతెన, అటూ ఇటూ 30 విగ్రహాలు, కింద వల్తావా నది. తొమ్మిది దాటిందా, ఇక తిరునాళ్లే! ఫొటోలో విగ్రహాల కన్నా జనం తలకాయలే ఎక్కువ పడతాయి.

కొండ మీదున్న ప్రాగ్ కోటకి మాత్రం కింద నుంచి నడిచి ఎక్కకండి. 22వ నంబరు ట్రామెక్కి పొహొర్జెలెట్స్ స్టాపులో దిగితే, కోట మీదుగా వంతెన దాకా దాదాపు అంతా పల్లమే, ఆయాసం ఉండదు. కాగితం టికెట్ కొంటే పసుపు మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా తప్పదు. అన్నట్టు, అక్కడి డబ్బు యూరోలు కాదు, కొరునాలు. రోడ్డు మీద ఎవరైనా మార్చిపెడతామంటే ఆగకండి.