పరగడుపు పరీక్షకు వచ్చే ముందు

చిత్తూరు పక్కన మా ఊళ్లో నాన్న చెరకు గానుగ ఆడించి బెల్లం వండేవారు. ఒకసారి పాకం చింది కాలి బొటనవేలి మీద పడింది. బొబ్బ పుండయింది, రెండు నెలలైనా మానలేదు. నిజానికి అంతకు ఏడాది ముందు నుంచే ఆయన రాత్రి నాలుగుసార్లు లేచి పెరట్లోకి వెళ్లేవారు. చెంబెడు నీళ్లు తాగితే గానీ నిద్రపట్టేది కాదు. మనిషి చిక్కిపోయారు. ఎండలకు అలా అవుతోందని అనుకున్నాం. రక్తం పరీక్ష చేయిస్తే పరగడుపున షుగరు 286 వచ్చింది, అంటే మధుమేహం. నేను ల్యాబ్ టెక్నీషియన్ చదువుకున్నది ఆ తర్వాతే. తిరుపతిలో పంతొమ్మిదేళ్లుగా రోజూ ఉదయం ఆరింటి నుంచి రక్తం తీస్తున్నాను.

బెల్లం తినే షుగరు తెచ్చుకున్నాడని ఊరంతా అన్నారు. ఆ మాటకు నాన్న ఎంతో కుమిలిపోయారు. రక్తంలోని గ్లూకోజు కణాల్లోకి చేరాలంటే క్లోమం తయారుచేసే ఇన్సులిన్ కావాలి. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే టైప్ 2లో కణాలు ఆ ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు, కొన్నేళ్లకు క్లోమమూ అలసిపోతుంది. దీనికి వంశం, వయసు, నడుం చుట్టూ చేరే కొవ్వు, ఒంటికి పని లేకపోవడం అన్నీ కలిసి కారణమవుతాయి. తీపి ఎక్కువైతే బరువు పెరిగి ముప్పు పెరుగుతుంది, నిజమే. కానీ మా నాయనమ్మకూ ఈ జబ్బు ఉండేది. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే టైప్ 1 వేరు. అందులో శరీర రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. దయచేసి తల్లి పెంపకాన్ని నిందించకండి. బిడ్డ విపరీతంగా నీళ్లు తాగుతూ, చిక్కిపోతూ, వాంతులు చేసుకుంటూ ఆయాసపడుతుంటే మరుసటి రోజు దాకా ఆగకుండా వెంటనే తిరుపతిలోని పెద్దాసుపత్రులైన రుయాకో స్విమ్స్‌కో తీసుకెళ్లండి.

చూపు మసకబారడం, అరికాళ్ల తిమ్మిర్లు, పదేపదే వచ్చే దురద, మెడ వెనక నల్లబడి మందమైన చర్మం కూడా గమనించాల్సినవే. అయితే చాలామందిలో ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు. అందుకే ముప్పై దాటితే పరీక్ష చేయించుకోమంటాను.

పరగడుపు అంటే కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండటం. రాత్రి తొమ్మిదికి సంగటి తిని ఉదయం ఆరున్నరకు వస్తే చాలు. మంచినీళ్లు తాగవచ్చు, కాఫీ తాగకూడదు. రోజూ ఎంతోమంది “కొంచెమే తాగానమ్మా” అంటారు, వాళ్లను మర్నాడు రమ్మంటాను. అలిపిరి మెట్లెక్కి దిగి నేరుగా రాకండి, ఆ శ్రమకు అంకె మారవచ్చు. ఫలితం బాగుండాలని వారం రోజులు అన్నం మానేసి వచ్చేవారిని చూస్తే నాకు దిగులు. అప్పుడు జబ్బు ఉన్నా దొరకకుండా పోవచ్చు.

మీ రక్తాన్ని బూడిదరంగు మూత గొట్టంలో పోస్తున్నారా, చూడండి. రక్తకణాలు గొట్టంలోనూ గ్లూకోజును తింటూనే ఉంటాయి. అందులోని ఫ్లోరైడు దాన్ని అడ్డుకుంటుంది. వేలికి గుచ్చి చూసే గ్లూకోమీటరు రోజువారీ గమనింపుకే, జబ్బును తేల్చడానికి చాలదు.

పరగడుపున డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు షుగరుకు ముందు దశ. 126, ఆపైన ఉంటే మధుమేహం. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి రెండు గంటలకు చూస్తే 200, ఆపైన ఉంటే మధుమేహం, 140 నుంచి 199 ముందు దశ. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం, 5.7 నుంచి 6.4 ముందు దశ. రక్తహీనత ఉంటే ఈ సగటు తప్పుదారి పట్టించవచ్చు, కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. లక్షణాలు లేనివారికి ఒక్క అంకెతో తేల్చరు, రెండో పరీక్షతో నిర్ధారిస్తారు.

మొన్న నా పరగడుపు అంకె 108. కాగితం మీద తేదీ వేసి నాన్న పాత రిపోర్టుల సంచిలోనే దాచాను. మూడు నెలల సగటు కోసం వచ్చే సోమవారం నేనూ చెయ్యి చాపుతున్నాను.