రాజు బొమ్మ రూపాయి వెండిదా, పూతదా, ఉత్త నికెలా?

మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో పసుపు గుడ్డలో మూటగట్టిన పాత రూపాయి బిళ్లలు పదకొండు దొరికాయి. అన్నీ నల్లబడి ఉన్నాయి, అన్నిటి మీదా రాజో రాణో ఉన్నారు, ఇంట్లో అందరం అన్నీ వెండే అనుకున్నాం. తీరా చూస్తే ఎనిమిది మంచి వెండి, ఒకటి సగం వెండి, ఒకటి నికెల్, ఇంకొకటి ఇత్తడి మీద వెండి పూత. మీ ఇంట్లోనూ అలాంటి మూట ఉంటే, కంసాలి దగ్గరికి వెళ్లేముందు ఒక గంట కూర్చోండి, మీకే తెలిసిపోతుంది.

ముందు ఒక మాట: దయచేసి తోమకండి. చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. తోమిన బిళ్లకి సేకరించేవాళ్లు తక్కువ ఇస్తారు, పైగా పోయిన మెరుగు మళ్లీ రాదు. నల్లగా ఉంది కాబట్టి వెండే అని కూడా అనుకోకండి, పూత కూడా వెండే కాబట్టి అదీ నల్లబడుతుంది.

మొదట బొరుసు వైపు సంవత్సరం చూడండి, సగం సంగతి అక్కడే తేలుతుంది. విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్, అయిదో జార్జి రూపాయిలు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. పెద్దవాళ్లు మందుల లెక్కలో "రూపాయి ఎత్తు" అనేది ఈ బరువునే, అసలు తులం కూడా ఇదే. ఇప్పుడు బంగారం షాపులో తులం అంటే పది గ్రాములు, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయి బరువు మారలేదు గానీ వెండి సగానికి తగ్గింది. ఇక 1947 రూపాయి, వెనక పులి బొమ్మ ఉంటుంది చూడండి, అది పూర్తిగా నికెల్. నకిలీ కాదు, అసలుదే, కాకపోతే వెండి కాదు. 1969 గాంధీ బొమ్మ నాణేల్లోనూ ఇదే తికమక: పది రూపాయల బిళ్లలో 80 శాతం వెండి, రూపాయి బిళ్ల మాత్రం నికెల్.

తర్వాత అయస్కాంతం. అంటుకుంటే వెండి కాదు, అంతే. మా పులి రూపాయి టక్కున అతుక్కుంది. కానీ అంటుకోకపోతే వెండి అని కాదు, ఎందుకంటే రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ (పేరుకే సిల్వర్, అందులో వెండి ఉండదు) కూడా అంటుకోవు. చాలామంది ఇక్కడే ఆగిపోయి మోసపోతారు.

ఇప్పుడు వెలుతురులో భూతద్దంతో చూడండి. పూత ముందు ఎత్తైన చోట్ల అరుగుతుంది: రాణి చెంప, జడ, బిళ్ల అంచు గీతలు. మా పూత బిళ్ల మీద విక్టోరియా ముక్కు కొన దగ్గర ఆవగింజంత పసుపు మచ్చ కనపడింది, అంచు తిప్పితే గీతల కొసల్లో కూడా అదే రంగు. అసలు వెండి ఎంత అరిగినా లోపలా తెలుపే. అమెరికాలో ఉన్న మనవాళ్లకి అక్కడి చిల్లరలోనూ అంచే చెప్తుంది: 1964, అంతకు ముందు క్వార్టర్లు (పావు డాలరు బిళ్లలు) 90 శాతం వెండి, 6.25 గ్రాములు, 1965 నుంచి మామూలు చిల్లరగా వచ్చినవి 5.67 గ్రాములు, అంచు మధ్యలో రాగి రంగు గీత ఉంటుంది.

ఇక అసలు పరీక్ష నీళ్లది, నాకు దీని మీదే నమ్మకం. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా కావాలి. ముందు బిళ్లను పొడిగా తూచి రాసుకోండి. తర్వాత తేలికపాటి ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. బిళ్లకి సన్నటి దారం కట్టి, చేత్తో పట్టుకుని పూర్తిగా ముంచండి, అడుగుకీ గోడలకీ తగలకూడదు, బుడగలు అంటుకుని ఉంటే ఒకసారి కదిపి వదిలించండి. కాటా చూపించే అంకెతో పొడి బరువుని భాగించండి. మంచి వెండి రూపాయికి సుమారు 10.3 వస్తుంది, సగం వెండిదానికి 9.5 దగ్గర, నికెల్‌కి 8.9, ఇత్తడికి 8.5 చుట్టుపక్కల. మాది ఒకటి బాగా అరిగి 11.42 గ్రాములే తూగితే నా గుండె జారింది, కానీ నీళ్లలో 1.10 చూపించింది, అంటే 10.38, బంగారంలాంటి వెండి. పూతది 10.20 తూగి 1.19 చూపించింది, అంటే 8.57. అరిగిన బిళ్ల బరువు తగ్గుతుంది గానీ ఈ లెక్క మారదు, అందుకే ఒట్టి బరువు చూసి తీర్పు చెప్పకండి.

లంబాడీ నగల్లోంచి, కాసుల దండల్లోంచి తీసిన బిళ్లలకి కొక్కెం అతికిన టంకం మిగిలి ఉంటే లెక్క కొంచెం తప్పుతుంది. నైజాం చార్మినార్ రూపాయికి ఈ అంకెలు వర్తించవు, అది కొంచెం తేలిక, వెండి శాతమూ తక్కువ.

నేల మీద వేసి ఖంగుమనే మోత వినడం పాత పద్ధతి, పనికొస్తుంది గానీ పగుళ్లున్న వెండి కూడా మోగదు, పైగా అంచు సొట్టపోతుంది. ఆమ్లం చుక్క వేయనివ్వకండి, మచ్చ శాశ్వతం. అనుమానం మిగిలితే గీకకుండా యంత్రంతో లోహం చూపించే షాపులో అడగండి, కాకపోతే ఆ యంత్రం పైపొరనే చదువుతుంది, పూత మందంగా ఉంటే వెండి అనే చెప్తుంది కాబట్టి మీ నీళ్ల లెక్క కాగితం కూడా పట్టుకెళ్లండి.