కీళ్లవాతం రిపోర్టు చదవడం – 4వ పాఠం: ఆర్ఎఫ్, యాంటీ సీసీపీ

ముందు పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్న తేల్చుకుందాం. ఈఎస్ఆర్ 62, సీఆర్పీ 24 ఉన్న రిపోర్టు చూపించి, ఇది కీళ్లవాతమేనా అని అడిగాను. జవాబు: ఆ రెండు అంకెలతో అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఒంట్లో ఎక్కడో వాపు ఉందని మాత్రమే అవి చెప్తాయి. అది చిగుళ్లలో చీము కావచ్చు, టీబీ కావచ్చు, కీళ్లు కావచ్చు. ఇవాళ నేర్చుకునే రెండు పరీక్షలు ఆ వెతుకులాటను కీళ్లవాతం వైపు, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వైపు, కొంత దగ్గరికి తెస్తాయి. ఎంత దగ్గరికి అన్నదే ఈ పాఠం.

ల్యాబ్ కోర్సు చదివే పిల్లల కోసం ఈ పాఠాలు మొదలుపెట్టాను. ఇంట్లో అమ్మకో అత్తమ్మకో వచ్చిన రిపోర్టు చేతిలో పట్టుకున్నవాళ్లు కూడా చదువుతున్నారని తెలిసింది. అందుకే రసాయనాల వివరాలు తగ్గించి, అర్థం చేసుకునే పద్ధతి మీద ఎక్కువ సేపు ఆగుతాను.

మునుగోడు వైపు నుంచి వచ్చే ఒకామెను ఊహించుకోండి. నలభై దాటిన మనిషి, పత్తి ఏరే కూలి. రక్తం తీయించుకోవడానికి చెయ్యి చాపి ఆమె చెప్పే మాటలు మా బల్ల దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "పొద్దుగాల లేస్తె పిడికిలి పడ్తలేదు సారు. రొట్టె కొడ్దమంటె చెయ్యి సాగుతలేదు. ఎండ ఎక్కినంక గాని వేళ్లు వస్తలేవు. మా ఊరి నీళ్లే గట్ల, అందరికీ ఉన్నయే అంటరు."

ఆ చివరి మాట దగ్గర ఆగాలి. నల్లగొండలో కీళ్లనొప్పి అనగానే అందరి నోటా వచ్చే మొదటి మాట ఫ్లోరైడ్. కారణం లేకపోలేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావని ప్రమాణం. మర్రిగూడ, చండూరు, మునుగోడు పల్లెలు అంతకు మించిన నీళ్లు తరాల తరబడి తాగాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్ నీరీ సంస్థ పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. మన జిల్లా పేరు ప్రపంచ పుస్తకాల్లోకి ఎక్కింది అలా. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి కానీ, అంతకు ముందు బొక్కల్లో చేరిన ఫ్లోరైడు ఒక్క రోజులో పోయేది కాదు.

అయితే ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడు జబ్బు, నొప్పి తీరు వేరు. మెడ తిరగదు, నడుము వంగదు, గొంతుక్కూర్చోవడం కష్టమవుతుంది. ఎక్స్‌రేలో బొక్క మామూలు కంటే తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి గీతలా తేలుతుంది. కీళ్లవాతం ముందుగా చిన్న కీళ్లను పట్టుకుంటుంది: పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపులు, వేళ్ల నడిమి కీళ్లు, మణికట్లు. నొక్కితే మెత్తగా, ఉబ్బుగా తగులుతుంది. పొద్దున బిగుసుకున్న చేతులు గంటకు పైగా సాగవు. గోరు పక్కనుండే కీలు జోలికి సాధారణంగా రాదు. ఫ్లోరైడు వల్ల ఆర్ఎఫ్ పెరగదు, యాంటీ సీసీపీ పెరగదు. పైగా ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండొచ్చు. నీళ్ల మీద నెపం వేసి రెండు మూడేళ్లు పోగొట్టుకుని, వేళ్లు వంకర తిరిగాక వచ్చినవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మందుకు బాగా లొంగే కాలం మొదటి నెలలే.

ఇక ఆర్ఎఫ్. పూర్తి పేరు రుమటాయిడ్ ఫ్యాక్టర్. క్రిములను పట్టుకోవడానికి మన ఒళ్లు ఐజీజీ అనే యాంటీబాడీని తయారు చేసుకుంటుంది. ఆ ఐజీజీ తోక భాగానికే వెళ్లి అతుక్కునే మరో యాంటీబాడీ ఆర్ఎఫ్. మన సొంత సరుకు మీదే పనిచేస్తుంది కాబట్టి దీన్ని ఆటో యాంటీబాడీ అంటాం. 1940లో నార్వేలో ఎరిక్ వాలర్ దీన్ని గమనించాడు. 1948లో అమెరికాలో హ్యారీ రోజ్ బృందం మళ్లీ కనిపెట్టింది. అప్పట్లో గొర్రె ఎర్రకణాలతో పరీక్ష చేసేవారు. 1956లో ఆ కణాల స్థానంలో లేటెక్స్ పూసలు వచ్చాయి. చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ అదే స్లైడు పరీక్ష.

పిల్లలూ, ఈ స్లైడు దగ్గర జాగ్రత్త. సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) ఒక చుక్క, లేటెక్స్ ఒక చుక్క, కలిపి తిప్పుతూ సరిగ్గా రెండు నిమిషాలకు చూడాలి, ముద్ద కడితే పాజిటివ్. కిట్టు కాగితం మీద ఎంత సమయం రాసి ఉంటే అంతే. నా ఉద్యోగం తొలి ఏడాదిలో స్లైడు తిప్పుతూ తిప్పుతూ పక్కన పెట్టి, సూది చూసి ఏడుస్తున్న ఒక పిల్లాడి దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆరేడు నిమిషాలైంది. చుక్క అంచులు ఆరి, ముద్దలు కట్టినట్టు కనిపించింది. పాజిటివ్ అని రాసి సంతకం పెట్టాను. ఆ రక్తం ఇచ్చిన ఆమె మూడు నెలలు కీళ్లవాతం మాత్రలు మింగింది. వేరే చోట మళ్లీ పరీక్ష చేస్తే నెగటివ్. ఆ కాగితం కింద ఉన్నది నా పేరు. ఆ రోజు నుంచి టైమర్ పెట్టకుండా స్లైడు ముట్టలేదు. మీరూ ముట్టకండి. కొవ్వు తేలి పాలలా ఉన్న సీరంతో కూడా ఇలాగే మోసపోతాం. పాజిటివ్ వస్తే సీరాన్ని సగం సగంగా పలచన చేస్తూ ఎంతవరకు ముద్ద కడుతుందో చూసి అంకె రాయండి. ఒట్టి పాజిటివ్ అన్న మాటతో డాక్టరుకు ఒరిగేది తక్కువ.

స్లైడు సరిగ్గా చేసినా ఆర్ఎఫ్‌కు స్వతహాగా ఒక బలహీనత ఉంది. కీళ్లవాతం ఉన్న 100 మందిలో సుమారు 70 మందికి అది పాజిటివ్ వస్తుంది. జబ్బు లేనివాళ్లలో కూడా కొందరికి వస్తుంది, వయసు పైబడిన కొద్దీ ఎక్కువ. హెపటైటిస్ సి, టీబీ, కుష్టు, గుండె కవాటాలకు పట్టే ఇన్‌ఫెక్షన్, నోరూ కళ్లూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బు, వీటన్నిటిలోనూ రావచ్చు.

ఊరి లెక్క వేద్దాం. పెద్దవాళ్లు 1000 మంది ఉన్న ఊరు. అందులో కీళ్లవాతం 8 మందికి ఉందనుకుందాం. ఆ 8 మందిలో ఆరుగురికి ఆర్ఎఫ్ పాజిటివ్. మిగతా 992 మందిలో 100కి 5 చొప్పున పాజిటివ్ వస్తే దాదాపు 50 మంది. మొత్తం పాజిటివ్‌లు 56, జబ్బు ఉన్నది ఆరుగురికి. నొప్పీ వాపూ లేని ఊరంతటికీ పరీక్ష చేస్తే ప్రతి తొమ్మిది పాజిటివ్‌లలో ఎనిమిది ఉత్తవే అన్నమాట. అదే పరీక్ష పొద్దున పిడికిలి పడని, కణుపులు వాచిన 56 మందికి చేస్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. "ఫుల్ బాడీ చెకప్" ప్యాకేజీల్లో ఆర్ఎఫ్ కలపడం తప్పని నేను గట్టిగా అనేది అందుకే.

యాంటీ సీసీపీ కథ పుచ్చకాయతో మొదలవుతుంది. సిట్రులిన్ అనే అమైనో ఆమ్లాన్ని మొదట పుచ్చకాయ రసంలో గుర్తించారు, పేరు కూడా ఆ మొక్క శాస్త్రీయ నామం నుంచే వచ్చింది. మన ప్రొటీన్లలో ఆర్జినిన్ అనే ముక్క ఉంటుంది. వాపు ఉన్నచోట పీఏడీ అనే ఎంజైము ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మారుస్తుంది. కొందరి రక్షణ వ్యవస్థ ఆ మారిన ప్రొటీన్‌ను పరాయిదనుకుని దాని మీద యాంటీబాడీలు తయారు చేస్తుంది. నెదర్లాండ్స్‌లో వాన్ వెన్రాయ్ బృందం 1998లో ఈ సంగతి తేల్చింది. తర్వాత సిట్రులిన్ ఉన్న చిన్న ప్రొటీన్ ముక్కను ఉంగరంలా చుట్టి పరీక్ష తయారు చేశారు, సీసీపీ అంటే అదే. ఎండాకాలం వచ్చిందంటే పుచ్చకాయ తినొచ్చా అని నన్ను అడుగుతారు. తినండి. తిన్న సిట్రులిన్ వేరు, కీలులోని ప్రొటీన్‌లో మారిన సిట్రులిన్ వేరు.

బీడీ, సిగరెట్ల సంగతి మాత్రం అలా కాదు. పొగ ఊపిరితిత్తుల్లో ఈ మార్పును పెంచుతుంది. షేర్డ్ ఎపిటోప్ అనే జన్యువారసత్వం ఉన్నవాళ్లలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. చిగుళ్ల జబ్బు క్రిమి ఒకటి స్వయంగా పీఏడీ ఎంజైము తయారు చేస్తుంది కాబట్టి చిగుళ్ల మీదా పరిశోధకుల కన్ను ఉంది. మరో విశేషం, ఈ యాంటీబాడీలు మొదటి నొప్పికి ఏళ్ల ముందే రక్తంలో కనిపించవచ్చు. నిల్వ ఉంచిన రక్తదాతల నమూనాలు వెనక్కి వెళ్లి పరీక్షించి ఈ సంగతి కనుక్కున్నారు.

కీళ్లవాతాన్ని పట్టుకోవడంలో యాంటీ సీసీపీ ఆర్ఎఫ్‌కు దాదాపు సమానం. జబ్బు లేనివాళ్లను వదిలేయడంలో దానికంటే మెరుగు, 100లో 95 మంది దాకా సరిగ్గా నెగటివ్ చూపిస్తుంది. అయినా టీబీ రోగుల్లో కొందరికి ఇదీ పాజిటివ్ వస్తుందని గుర్తుంచుకోండి. మన దగ్గర అది చిన్న విషయం కాదు.

అంకె చదివే పద్ధతి ఇది. రిపోర్టులో కుడివైపున ఆ ల్యాబ్ గరిష్ఠ హద్దు ఉంటుంది. ముందు దాన్ని చూడండి, ల్యాబ్ మారితే హద్దు మారుతుంది. హద్దు దాటి మూడు రెట్ల వరకు ఉంటే తక్కువ పాజిటివ్, మూడు రెట్లు దాటితే ఎక్కువ పాజిటివ్. హద్దు 20 ఉన్న చోట ఆర్ఎఫ్ 48 తక్కువ, 72 ఎక్కువ. స్లైడు మీద అంకె లేకుండా ఒట్టి పాజిటివ్ అని ఉంటే దాన్ని తక్కువ కిందే లెక్కవేయాలి.

ఇప్పుడు కాగితం తీసుకుని మన పత్తి కూలి ఆమెకు మార్కులు వేయండి. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి పెట్టిన పద్ధతిలో 10కి 6 వస్తే కీళ్లవాతంగా వర్గీకరిస్తారు. మొదటి షరతు, కనీసం ఒక కీలు నిజంగా వాచి ఉండాలి, ఆ వాపుకు వేరే మంచి కారణం కనబడకూడదు. ఆమెకు రెండు చేతుల్లో రెండేసి కణుపులు, రెండు మణికట్లు, మొత్తం ఆరు చిన్న కీళ్లు. నాలుగు నుంచి పది చిన్న కీళ్లకు 3 మార్కులు. యాంటీ సీసీపీ 210, హద్దు 17. మూడు రెట్లు అంటే 51, ఎప్పుడో దాటింది. ఎక్కువ పాజిటివ్‌కు 3, తక్కువైతే 2 వేసేవాళ్లం. సీఆర్పీ పెరిగింది, 1. ఆరు వారాలు దాటింది, 1. మొత్తం 8.

అదే ఆమెకు రెండు యాంటీబాడీలూ లేవనుకోండి. 5 దగ్గర ఆగిపోతుంది. అలాగని జబ్బు లేదని ఇంటికి పంపించకూడదు. కీళ్లవాతం ఉన్న 100 మందిలో 20, 30 మందికి రెండూ నెగటివే. పదికి మించి కీళ్లు వాచి అందులో చిన్న కీళ్లుంటే కీళ్లకే 5 మార్కులు వస్తాయి, అప్పుడు యాంటీబాడీ లేకుండానే 6 దాటుతుంది. ఈ మార్కులు పరిశోధనల కోసం పెట్టినవి, చేత్తో కీలు నొక్కి చూసిన డాక్టరు నిర్ణయం వీటికి పైమాట.

వేరే కారణం కనబడకూడదు అన్న షరతు మన దగ్గర మొదట చికున్‌గున్యాను గుర్తు చేయాలి. 2006లో అది ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసింది. జ్వరం పోయాక కూడా నెలల తరబడి చేతి కీళ్లు వాచి, అచ్చం కీళ్లవాతంలా కనిపించినవాళ్లు ఉన్నారు. అందుకే "ముందల జరం వచ్చిందా? ఇంట్ల ఇంకెవరికన్న వచ్చిందా?" అన్న ప్రశ్న సూది గుచ్చే ముందే అడగండి.

ముందు ముందు ఏమవుతుంది అన్నదానికి కూడా ఈ అంకెలు కొంత జవాబు చెప్తాయి. యాంటీ సీసీపీ ఎక్కువ ఉన్నవాళ్లకు ఎముక అంచులు త్వరగా తినుకుపోయే ప్రమాదం ఎక్కువ, ఆర్ఎఫ్ కూడా తోడైతే ఇంకా ఎక్కువ. ఆర్ఎఫ్ బాగా ఎక్కువున్నవాళ్లలో మోచేతి దగ్గర గడ్డలు, ఊపిరితిత్తులు గట్టిపడటం వంటి కీళ్లు దాటిన ఇబ్బందులు ఎక్కువగా చూస్తాం. కాబట్టి ఇలాంటి రిపోర్టు వచ్చిన మనిషిని నొప్పి మాత్రలతో నెలలు నెట్టనివ్వకుండా రుమటాలజీ డాక్టరు దగ్గరికి పంపాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. మందుల సంగతి ఆరో పాఠంలో వస్తుంది కానీ ఒక్క మాట ఇప్పుడే చెప్తాను: మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ చదవలేని అవ్వకు ఏ వారం రోజున వేసుకోవాలో నోటితో చెప్పి, ఆమెతో తిరిగి చెప్పించండి.

మూడు నెలలకోసారి యాంటీ సీసీపీ చేయించుకుని తగ్గిందా అని చూసుకునేవాళ్లున్నారు. కూలి చేసుకునే ఇంటికి ఆ డబ్బు తక్కువేం కాదు, దానితో తెలిసేదీ ఏం లేదు. కీళ్లు చల్లబడినా ఆ అంకె చాలామందిలో అలాగే ఉండిపోతుంది. మందు పనిచేస్తోందా అన్నది వాచిన కీళ్ల లెక్క, ఈఎస్ఆర్, సీఆర్పీ చెప్తాయి.

వచ్చే పాఠం చేతుల ఎక్స్‌రే. ఈలోగా ఈ మూడింటికి జవాబులు రాసి పెట్టండి. ఒకటి, దేవరకొండ నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల పెద్దాయన, మోకాళ్లు మాత్రమే నొప్పి, వాపు లేదు, ఆర్ఎఫ్ 31, హద్దు 20, యాంటీ సీసీపీ నెగటివ్. రెండు, జడ్చర్ల నుంచి వచ్చిన ముప్పై రెండేళ్ల ఆమె, రెండు నెలలుగా మూడు కణుపులు వాచాయి, స్లైడు నెగటివ్, యాంటీ సీసీపీ 64, హద్దు 20, సీఆర్పీ పెరిగింది. మూడు, బీడీలు తాగే యాభై ఏళ్ల మనిషి, నెల రోజులుగా దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గాడు, మణికట్టు నొప్పి, ఆర్ఎఫ్ 58, యాంటీ సీసీపీ 26, రెంటికీ హద్దు 20. ఈ మూడో మనిషికి మార్కులు వేసే ముందు ఏ పరీక్ష అడుగుతారో అదే మొదటి వరుసలో రాయండి.